బిన్ దిన్ సీమ సాముగరిడీలు

వియత్నాము దేశపు నడిమితీరమున, పడమటి కొండలకును తూర్పు సముద్రమునకును మధ్య ఒదిగియున్న యొక సీమకు బిన్ దిన్ అని పేరు. ఆ మాటకు “శాంతింపజేసి కుదుటపరచినది” అని యర్థము. 1799లో క్వి న్యోన్ దుర్గమును పట్టుకొన్న న్గుయెన్ అన్ ప్రభువు, తన శత్రువులకు పుట్టినిల్లైన ఆ సీమకు గెలుపుగుర్తుగా ఈ పేరు పెట్టెను. ఇక నిచట కత్తి లేవదని లోకమునకు చాటుటయే యాతని యుద్దేశము. అటుపిమ్మట రెండువందల యేండ్లకు పైగా గడచినవి. నేడు ఆ దేశమున బిన్ దిన్ అనగా సాముగరిడీల గడ్డ యని పిల్లలు సైతము చెప్పుదురు. ప్రభువు పెట్టిన పేరొకటి, ప్రజలు దానికి నిలిపిన యర్థము మరియొకటి. 2025 జూలై 1వ తేదీన జరిగిన మండలముల కూర్పులో బిన్ దిన్ మండలము పొరుగుననున్న జియా లాయ్‌లో కలిసిపోయినది. ఇపుడు దేశపటమున మండలముగా నా పేరు లేదు. కర్రపట్టినవారి నోట మాత్రము చెక్కుచెదరక యున్నది.

తూర్పు ఆసియా యుద్ధవిద్యలనగానే మనవారికి చీనా దేశపు షావోలిన్ మఠమును, జపానువారి జూడో కరాటేలును తలపునకు వచ్చును. వియత్నామన్నచో అడవులును, తుపాకులును, అమెరికా విమానములును స్మరణకు వచ్చునే గాని, ఆ దేశపు పల్లెలలో తరతరములుగా సాగుచువచ్చిన కర్రసామును, ముష్టిసామును ఎరిగినవారరుదు. ఈ విద్య చరిత్రను రాజవంశముల చరిత్రవలె వరుసగా వ్రాయ వీలుపడదు. రాజులు దానిని కొన్నాళ్లు పెంచిరి, కొన్నాళ్లు తుంచిరి. రెండు కాలములందును అది పల్లెలోనే, పెరటిలోనే, జ్ఞాపకములోనే బ్రతికినది. ఆ బ్రతికిన తీరును గూర్చియే మనమిచట విచారింపవలసియున్నది.

ఆస్థానములు చేసిన పని లేకపోలేదు. త్రాన్ వంశపురాజులు 1253లో తమ రాజధానియగు థాంగ్ లాంగ్‌లో, అనగా నేటి హనోయిలో, యుద్ధవిద్యాశాలను స్థాపించిరి. దాని పేర వెలసిన జియాంగ్ వో పేట హనోయిలో నేటికిని గలదు. శాల వెలసిన అయిదేండ్లకే, 1258లో, మంగోలుల సేన ఆ దేశముపై విరుచుకొనిపడినది. 1285లోను, 1287-88లోను మరల వచ్చినది. మూడుమార్లును ఓడి మరలినది. తరువాతికాలమున త్రిన్ ప్రభువులు 1721లో సైనిక విద్యాలయమును నెలకొల్పి, 1724లో యుద్ధవిద్యయందు ఉన్నతపరీక్ష జరిపించిరి. ఇవి యన్నియు సేనానాయకులను తయారుచేయుటకు. కాపుబిడ్డకు వీనితో పనియెక్కడిది? వాని గరిడి గ్రామదేవాలయపు ముంగిటి యిసుకయే. ఉత్తరమున ఎఱ్ఱనది మైదానమందలి గ్రామములు వసంతోత్సవములలో కుస్తీలు పెట్టించును. హా నామ్ ప్రాంతమందలి లియు దోయ్ గ్రామపు కుస్తీలకు దేశమంతట ప్రసిద్ధి. హుయే నగరముచెంత సిన్ అను పల్లెలో ఏటేట చాంద్రమానపు మొదటినెల పదియవనాడు కుస్తీపోటీలు జరుగును. అచట బరిలోనికి దిగువారు నాగలి విడిచివచ్చిన సేద్యగాండ్రు, చేపలు పట్టువారు.

ఇట్టి గ్రామవిద్యలు దేశమంతట నుండగా బిన్ దిన్ ఒక్కటియే యింత పేరెట్లు గడించెను? సమాధానము ఆ నేలలోనే యున్నది. ఆ సీమ పూర్వము వియత్నామీయులది కాదు, చంపారాజ్యమునకు చెందినది. దాని మండలముల పేర్లు విజయ, కౌఠార, పాండురంగ. తెలుగువారికి చిరపరిచితమైన అమరావతి పేరు ఉత్తరపు మండలమున కుండెడిది. బిన్ దిన్ సీమ విజయ మండలము. 1471లో లే థాన్ తోంగ్ చక్రవర్తి విజయనగరిని పట్టుకొనుటతో అది వియత్నామీయుల వశమైనది. పిమ్మట ఉత్తరమునుండి సైనికులును, భూమిలేని బీదలును, శిక్షపడినవారును అచటికి వలసవచ్చిరి. ముందు సముద్రము, వెనుక పులులు తిరుగు కొండలు. ఆ కొండలపైన బానార్ మొదలగు గిరిజనులు. నడుమ తమలపాకులు, ఉప్పు మోసికొనిపోవు వర్తకుల బాట. బాట ప్రక్కన దొంగలు. ఆ కొండబాటను నడచు వర్తకునికి భుజముమీది కావడిబద్దయే సరకు మోయు సాధనము, ప్రాణము కాచు ఆయుధమును. ఈ సీమ సాములో నేటికిని కత్తి, బల్లెముల సరసన కావడిబద్ద, పార, పలుగుగొట్టు వంటి పనిముట్లతో చేయు విన్యాసములు గలవు. రాజశాలలో పుట్టిన విద్యకు కావడిబద్దతో పనియుండదు గదా!

ఈ బాటమీదనే తాయ్ సోన్ సోదరులు పైకివచ్చిరి. తాయ్ సోన్ అనగా పడమటి కొండలు. వారు ముగ్గురు: న్గుయెన్ న్యాక్, న్గుయెన్ హువే, న్గుయెన్ లూ. పెద్దవాడు తమలపాకుల వర్తకుడు, పన్నులు వసూలుచేయు చిన్న ఉద్యోగి. త్రువాంగ్ వాన్ హియెన్ అను గురువు రాజధానినుండి పారిపోయివచ్చి, అన్ థాయ్ గ్రామమున పాఠశాల పెట్టి, ఈ సోదరులకు అక్షరమును ఆయుధమును గూడ నేర్పెనని పెద్దలు చెప్పుదురు. పన్నుల పీడన భరింపలేని పల్లెలు 1771లో వీరి వెంట తిరుగబడినవి. న్యాక్ 1778లో పూర్వపు చంపా రాజధాని శిథిలములమీదనే కోటకట్టుకొని చక్రవర్తి యయ్యెను. 1785లో హువే దక్షిణమున సయాము సేనను నదిపై చిత్తుచేసెను. 1788 చివర క్వాంగ్ ట్రుంగ్ అను పేర సింహాసనమెక్కి, చాంద్రమాన సంవత్సరాదిదినములలో ఉత్తరమునకు నడచి, 1789లో చీనా చింగ్ చక్రవర్తి పంపిన మహాసైన్యమును హనోయి వాకిట ఓడించెను. ఆసియాఖండపు యుద్ధచరిత్రలో ఇంత వేగముతో సాగిన దండయాత్రలు కొన్నియే గలవు.

ఇచ్చటినుండి కథలు మొదలగును. కడపటి తమ్ముడు న్గుయెన్ లూ దేహమున బలహీనుడట. కోడిపందెములు చూచి, చిన్నకోడి పెద్దకోడిని తప్పుకొని ఎగిరి తన్ను విధమును గమనించి ‘హుంగ్ కే’ అను కోడిపుంజు ముష్టిసామును కల్పించెనట. పండ్రెండు నగారాల తాయ్ సోన్ రణభేరి సైన్యపు నడకకు తాళము వేసెనట. బుయి థి సువాన్ అను వీరనారి ఏనుగుల దళమునకు శిక్షణనిచ్చినదట. ఈ “అట”లలో కొన్ని చరిత్ర, కొన్ని భక్తి. బుయి థి సువాన్ సేనానాయికయై పోరాడినదనుటలో సందేహము లేదు. 1802లో విజేతలామెను ఏనుగులచే త్రొక్కించి చంపిరి. కోడిపుంజు కథకు మాత్రము నోటిమాటయే ఆధారము. దానిని నేర్పు వస్తాదులు కథను నమ్మి నేర్పుదురు. అందు తప్పులేదు, చరిత్ర వ్రాయువాడు మాత్రము నమ్మకమును సాక్ష్యమును వేరుచేసి చూపవలెను.

మరియొక మాట కూడ దాచక చెప్పవలసియున్నది. 1789 నాటి జయము పిడికిలిబలముచే వచ్చినది కాదు. ఆ సేనకు ఏనుగులపై ఫిరంగులుండెను. నిప్పు చిమ్ము గొట్టములుండెను. న్గొక్ హోయ్ దుర్గముపై పడునపుడు వీరులు తడిగడ్డి చుట్టిన పలకలను అడ్డుపెట్టుకొని నడచి, శత్రువుల గుండ్లను బాణములను తప్పించుకొనిరి. చేరువకు చేరిన పిమ్మట, పలకలు పారవేసి కత్తులు దూసిన క్షణమున, పల్లెసాము అక్కరకు వచ్చియుండును. విద్య గొప్పదనుటకు దానిని ఫిరంగికంటె గొప్పదనవలసిన పనిలేదు.

1802లో న్గుయెన్ అన్ జియా లాంగ్ చక్రవర్తియై దేశమునంతటిని ఏలికలోనికి తెచ్చుకొనెను. ఆతని పగ చచ్చినవారిని గూడ విడువలేదు. సమాధులు త్రవ్వించి ఎముకలు పొడిచేయించి, కపాలములను చెరసాలలో పెట్టించెను. ఆస్థానచరిత్రలలో తాయ్ సోన్ వారు దొంగరాజులైరి. వారి కాలపు వ్రాతలు చాలవరకు నశించినవి. కావుననే వారి సైనికశిక్షణను గూర్చి నేడు చెప్పబడుదానిలో పెక్కుభాగము కుటుంబములలో వచ్చిన వాడుకయేగాని, ఆనాటి పత్రము కాదు. అయినను సోదరుల స్వగ్రామమగు కియెన్ మీ ప్రజలు తమ గ్రామమందిరమున గ్రామదేవత పేరుచాటున ఆ మువ్వురినే పూజించుచు వచ్చిరి. చెరసాలలో కపాలములు, మందిరములో పూజలు. ఏది యెక్కువకాలము నిలిచెనో మనకు తెలిసినదే.

విచిత్రమేమనగా, ఆ న్గుయెన్ రాజులకే మరల ఈ సీమ బాహుబలముతో పనిపడినది. మిన్ మాంగ్ చక్రవర్తి 1835లో హుయే నగరమున వీరదేవాలయమును కట్టించెను. తు దుక్ కాలమున 1865 నుండి యుద్ధవిద్యలో అత్యున్నత పట్టములిచ్చి, పొందినవారి పేర్లు ఆ దేవాలయమున శిలలపై చెక్కించిరి. ఈ పరీక్షలలో మొదట బరువులు మోయుట, పిదప కర్ర, కత్తి, డాలు మొదలగువాని విన్యాసము, ఆ తరువాత తుపాకి గురి. ప్రాంతపు పరీక్షాకేంద్రములలో బిన్ దిన్ ఒకటి. శాంతింపజేసితిమని చెప్పుకొన్న సీమలోనే కర్ర త్రిప్పువారికి కొలువులీయవలసివచ్చెను. తాతలు ఎవరితో పోరిరో మనుమలు వారి యొద్దనే బిరుదులు పొందిరి. ఇది లొంగుబాటని కొందరందురు. పల్లెవాని దృష్టిలో అది పనికివచ్చిన విద్యకు దొరికిన కూలి మాత్రమే.

అంతలో పరప్రభుత్వము వచ్చినది. 1885లో హామ్ న్ఘి రాజు హుయే విడిచి కొండలకెక్కి, ఫ్రెంచివారిపై తిరుగబడుడని ప్రజలకు పిలుపునిచ్చెను. బిన్ దిన్ సీమలో ఆ పిలుపునందుకొన్నవాడు మాయ్ సువాన్ థువాంగ్. రెండేండ్లు పోరాడి 1887లో పట్టుబడి శిరచ్ఛేదమునకు గురియయ్యెను. గుంపుగా జనము కర్రపట్టి నిలుచుటను ఫ్రెంచివారు అనుమానించిరి. ఆయుధము పట్టు అలవాటున్న ప్రజ తమకు ముప్పని గ్రహింపని పరపాలకులు లోకమున ఎచ్చటను లేరు. విద్య అణగినది, పోలేదు. పగటి గరిడి రాత్రి పెరటిలోనికి మారినది. తండ్రి కొడుకునకు, మామ అల్లునకు నేర్పుట యాచారమైనది.

ఈ గుప్తవాసమున ఆ విద్యను కాపాడినది ‘థియెవ్’ అను పద్యపద్ధతి. ప్రతి విన్యాసక్రమమునకును ఒక పద్యముండును. ఒక్కొక్క పాదమున ఒక్కొక్క అడుగు, మలపు, దెబ్బ, కాపు సంకేతమాత్రముగా చెప్పబడును. బయటివాడు వినినచో కొండదిగిన పులి, విచ్చిన పూవు, ఎగిరిన కొంగ మాత్రమే కనబడును. శిష్యునకు మాత్రము ఏ పాదము ముందుకు, ఏ చేయి పైకి అన్నది కనబడును. పుస్తకము పట్టుబడవచ్చును, కత్తి పట్టుబడవచ్చును. కంఠస్థమైన పద్యమునకు ఏ తనిఖీయు లేదు. ఒకే విన్యాసమునకు ఈ యూరి పద్యమున ఒక మాట, ఆ యూరి పద్యమున మరియొక మాట. ఆ భేదములోనే గురువుల వంశక్రమము దాగియున్నది. మన దేశమున శాస్త్రములు పద్యరూపమున నిలిచిన తీరెరిగినవారికి ఇది వింతగా తోపదు.

మూడు పల్లెల పేర్లు ఈ కథలో విడువరానివి. కోన్ నదికి ఒకదరిని అన్ థాయ్, ఎదుటిదరిని అన్ విన్. ఆ చుట్టుప్రక్కలనే థువాన్ త్రుయెన్. కర్రకు థువాన్ త్రుయెన్, పిడికిలికి అన్ విన్ అని ఆ సీమలో నానుడి. అన్ విన్ ఆడుపడుచులు సామునందు మగవారికి తీసిపోరని ప్రసిద్ధి. 1891లో జన్మించిన హో న్యూ, హో న్గాన్ అను పేరనే జనమెరిగినవాడు, థువాన్ త్రుయెన్ కర్రసామును ఈ శతాబ్దివారికి అందించిన మేటి. అన్ థాయ్ నదీతీరపు వర్తకగ్రామము. చీనా కుటుంబములు అచట స్థిరపడినందున వారి ముష్టివిద్య ఊరివిద్యతో కలిసినది. స్వదేశవిద్య యనగా ఏ పరసంపర్కమును లేనిదని వాదించువారు ఈ యూరిని చూచి రావలెను. చంపా నేలపై, ఉత్తరపు వలసజనము చేత, చీనా పొరుగువారి సాయముతో పెరిగినది; అయినను బిన్ దిన్ వారిదే.

ఏడవనెల పున్నమికి ఆ అన్ థాయ్‌లో ‘దో జాన్’ అను ఉత్సవము జరుగుచుండెడిది. ఎత్తైన మంచెమీదినుండి కాల్చిన పందిని క్రిందికి విసరుదురు. పల్లెకొక జట్టు. పందిని అందుకొని, మిగిలిన జట్లను తప్పించుకొని, తమ యూరివారి నడుమకు చేర్చినవారిదే గెలుపు. ఒకడు పందిని భుజాన వేసికొని పరుగెత్తుచుండ, తోడివారు చుట్టును కోటకట్టి దెబ్బలు కాయుదురు. అది చూచుటకు వేడుక, లోపల వ్యూహశిక్షణ. పున్నమిపూజ పేరుతో జరుగుదానిని ఏ దొరయైనను ఏమని నిషేధించును? ఇట్లే నాటకరంగమును విద్యకొక చాటైనది. ఆ సీమవాడగు దావ్ తాన్ (1845-1907) ప్రసిద్ధిచేసిన ‘హాత్ బోయ్’ నాటకమున వేషధారుల అడుగులు, కత్తిపట్లు సామునుండి వచ్చినవే. బౌద్ధమఠములలోను భిక్షువులు శిష్యులకు నేర్పిరి. తుయ్ ఫువోక్ ప్రాంతమందలి లాంగ్ ఫువోక్ మఠమున నేటికిని పిల్లలు కర్రసాము చేయుదురు.

దక్షిణమునకు పోయిన వలసజనము విద్యను వెంట తీసికొనిపోయిరి. సైగానుకు ఉత్తరమునగల తాన్ ఖాన్ ప్రాంతమున అడవి నరికి పొలముచేసినవారి సాము పులులతో పోరుటకు పేరుగాంచి, దానిలో ఆరితేరిన బా త్రా యను స్త్రీ పేరుతో ‘తాన్ ఖాన్ బా త్రా’ యని వ్యవహరింపబడుచున్నది. పురుషుల విద్యకు స్త్రీ పేరు నిలుచుట యరుదు.

పల్లెవిద్యను దేశవిద్యగా మలచవలెనను తలంపు హనోయిలో కలిగినది. సోన్ తాయ్ ప్రాంతమువాడగు న్గుయెన్ లోక్ (1912-1960) కుస్తీని, దేశీయ ముష్టివిద్యను మూలముగా గొని, పరదేశవిద్యలను గూడ పరిశీలించి, 1938లో ‘వోవినామ్’ పద్ధతిని రూపొందించెను. మరుసటియేడు హనోయి నాటకశాలలో బహిరంగప్రదర్శన జరిగినది. శరీరమును మనస్సును మార్చుకొనక దేశము మారదని యాతని బోధ. దాసదేశపు యువకుల వెన్ను నిటారుగా నిలుచుట ఫ్రెంచివారికి రుచింపలేదు. శిక్షణకు అడ్డంకులు పెట్టిరి. 1954లో దేశము రెండుగా చీలినపుడు ఆతడు సైగాను చేరెను. ఆతని అనంతరము శిష్యుడు లే సాంగ్ ఆ విద్యను నడిపెను. 2011లో అది ఆగ్నేయాసియా క్రీడలలో చోటు సంపాదించినది. ఇది గొప్పపని. అయినను అది నగరమున, ఒక్కని మేధలో కూర్చబడిన విద్య. కావడిబద్ద వాసన దానికి లేదు.

1975లో యుద్ధము ముగిసి దేశమేకమైన పిమ్మట, 1991లో సంప్రదాయ యుద్ధవిద్యల జాతీయ సమాఖ్య ఏర్పడినది. 1990ల దశకమునుండి వివిధ ప్రాంతముల విన్యాసములనుండి యెన్నిక చేసి, కోడిపుంజు ముష్టి, కొండనెక్కు ముసలిపులి, పచ్చరాతి గిన్నె మొదలైన పదింటిని దేశమంతటికిని సమానపాఠముగా నిర్ణయించిరి. 2006 నుండి బిన్ దిన్‌లో అంతర్జాతీయోత్సవములు సాగినవి. 2012లో బిన్ దిన్ సాము జాతీయవారసత్వపు పట్టికకెక్కినది. నాడు చాటున నేర్చినది నేడు పతకములకై పోటీపడు వస్తువైనది. అణచివేతకంటె ఇది వేయిరెట్లు మేలు, అందెవరికిని సందియముండదు.

కాని సమానపాఠమునకు మూల్యము లేకపోలేదు. పోటీలలో న్యాయనిర్ణేతకు ఒకే కొలత కావలెను. ‘పచ్చరాతి గిన్నె’ పద్యము ఒక గరిడిలో ఒక తీరున, మరొక గరిడిలో వేరొక తీరున నడచుచుండగా, పోటీ పుస్తకమున ఒక్కటే పాఠము నిలుచును. నగరబాలుడు దానినే నేర్చును, మార్కులు దానికే. తాత నేర్పిన మలపు తప్పుగా లెక్కింపబడును. ఎగిరి తిరుగు విన్యాసములకు చప్పట్లు మ్రోగును. కాలు నేలవిడువని థువాన్ త్రుయెన్ వారి నిలుకడ కర్రకు ప్రేక్షకులు తక్కువ. అణచివేతను తట్టుకొన్న భేదములు ఆదరణలో కరగిపోవునేమో యను భయము నిరాధారమైనది కాదు. సమాఖ్య తీసికొన్న నిర్ణయమును మేము నిందింపము. దేశమునకు ఉమ్మడిభాష కావలసినదే. అయితే పల్లె వస్తాదులు బ్రతికియుండగనే వారి వారి పద్యములను పాఠభేదములతో సహా వ్రాసికొని, వారి యడుగులను చలనచిత్రములలో పట్టి, పోటీబరిలో ప్రాంతీయవిన్యాసములకు వేరు తరగతి యుంచుట అత్యవసరము. వ్యాకరణము వచ్చినదని మాండలికములను చెరిపివేయరు గదా.

ఫూ ఫాంగ్‌లో కోన్ నది చెంత క్వాంగ్ ట్రుంగ్ వస్తుప్రదర్శనశాల కలదు. ఆవరణలో తాయ్ సోన్ సోదరుల తండ్రి నాటినదని చెప్పబడు చింతచెట్టును, ప్రక్కనే వారి యింటి బావియు కలవు. లోపల సందర్శకుల కొరకు పండ్రెండు నగారాలు వాయింతురు. యువతులు కర్ర త్రిప్పుదురు. ప్రదర్శన పూర్తియైన పిమ్మట జనము చింతచెట్టు నీడకు వచ్చి, బావినీళ్లు తోడుకొని త్రాగుదురు.